రెండు లైన్ల కబురు

(ఒక మహిళా కళాశాల పూర్వ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న మేడమ్‌లకీ, ముందు వరసలో కూర్చున్న పెద్దక్కయ్యలకీ, వెనక గోడకానుకుని నిలబడ్డ పిల్లలకీ. పిల్లలూ, అలా మెట్ల మీద కూర్చోండమ్మా, నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

సెక్రటరీ గారు ఫోన్ చేసి, "పూర్వ విద్యార్థినుల గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఇరవై రెండేళ్ళు అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో, పాత పత్రికల విభాగంలో పనిచేశాను. అక్కడ నా చేతుల మీదుగా పోయిన కాగితాల్లో ఇప్పటికీ నన్ను వదలనివి కొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి సొరోరిటీ పత్రికల చివరి పేజీలు. ఈరోజు వాటి గురించి చెబుతాను.

సొరోరిటీ అనగానే ఇక్కడి పిల్లలకు సినిమాల్లో చూసిన పార్టీలు గుర్తొస్తాయేమో. మొదలు అది కాదు. ఆడపిల్లను కాలేజీలో చేర్చుకోవడమే వింతగా ఉన్న రోజుల్లో, చేరిన నలుగురూ ఒకరికొకరు తోడుగా ఉండటానికి పెట్టుకున్న సంఘాలివి. 1867లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మాన్‌మత్ కాలేజీలో పన్నెండు మంది అమ్మాయిలు కలిసి మొదలుపెట్టిన సంఘమే తర్వాత పై బీటా ఫై అయింది. మూడేళ్ళకు అదే కాలేజీలో కాపా కాపా గామా పుట్టింది. సొరోరిటీ అన్న మాట కూడా అప్పటికి లేదు. సిరక్యూజ్ యూనివర్సిటీలో ఒక లాటిన్ మాస్టారు గామా ఫై బీటా పిల్లల కోసం ఆ మాట కట్టి ఇచ్చారు. లాటిన్‌లో సొరోర్ అంటే అక్కో, చెల్లో.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. చదువు అయిపోయినా సభ్యత్వం పోదు. పెళ్ళయి ఏ ఊరు వెళ్ళినా, ఆ ఊళ్ళో ఆ సంఘం పూర్వ సభ్యుల శాఖ ఉంటే వెళ్ళి తలుపు తట్టొచ్చు. ఎవరో ఒకరు లోపలికి రమ్మంటారు. పుట్టిల్లు ఒక్కచోటే ఉంటుందని మనం అనుకుంటాం. వాళ్ళకు ఊరూరా ఒక చిన్న పుట్టిల్లు.

ఆ అక్కచెల్లెళ్ళను కలిపి ఉంచింది పత్రిక. కాపా కాపా గామా వాళ్ళు 1882లోనే పత్రిక పెట్టారు. ముందు పేజీల్లో అధ్యక్షురాలి మాట, కొత్త చాప్టర్ల, అంటే ఒక్కో కాలేజీలోని శాఖల, సంగతులు, ఎవరో గొప్పావిడ మీద వ్యాసం. వెనక పేజీల్లో చిన్న అక్షరాలతో, చాప్టర్ల వారీగా పెళ్ళిళ్ళు, పుట్టుకలు, మరణాలు, కబుర్లు. ఒక్కొక్కరికి రెండు లైన్లు. లైబ్రరీకి వచ్చే పరిశోధకులు ముందు పేజీలు చదివి మూసేసేవాళ్ళు. నేనూ మొదట్లో అంతే. ఒకసారి బైండింగ్ ఊడిన సంపుటం ఒకటి మరమ్మతుకు పంపేముందు పేజీలు లెక్కపెడుతూ, కళ్ళు ఆ చిన్న అక్షరాల మీద పడి అక్కడే ఆగిపోయాను. ఆ సాయంత్రం బస్సు తప్పిపోయింది.

చివరి పేజీలో ఒక చిన్న ఫారం ఉండేది. కత్తిరించి పంపడానికి చుట్టూ చుక్కల గీత. పెళ్ళయిందా, ఇల్లు మారారా అని అడుగుతుంది. చాప్టర్ పేరు, పాత పేరు, కొత్త పేరు, పాత చిరునామా, కొత్త చిరునామా. అంతే. కొన్ని సంపుటాల్లో ఆ ఫారం ఉండాల్సిన చోట చతురస్రంగా కన్నం ఉంటుంది. ఎవరో కత్తెరతో కత్తిరించి, పూరించి, కవరులో పెట్టి పోస్టు చేశారన్నమాట. ఆ కన్నంలోంచి వెనక పేజీ అక్షరాలు కనపడతాయి. నేను ఆ అంచు మీద వేలు పెట్టి చూసేదాన్ని. కత్తెర కాస్త వంకరగా పోయి ఉంటుంది. చంకన బిడ్డను వేసుకుని కత్తిరించిందేమో, రైలెక్కే తొందరలో కత్తిరించిందేమో.

ఇక ఆ కబుర్లలో పేర్లు. పెళ్ళయిన ప్రతి మనిషీ మిసెస్ ఫలానా, అంటే భర్త పూర్తి పేరు. తన సొంత పేరు ఎక్కడో బ్రాకెట్లో ఇరుక్కుని ఉంటుంది. ఒకావిడను పదేళ్ళ సంపుటాల్లో వెతకాలంటే ముందు ఆమె భర్తను వెతకాలి. మనకు ఇది కొత్త కాదు. మీలో ఎంతమందికి డిగ్రీ సర్టిఫికెట్లో ఒక ఇంటిపేరు, ఆధార్ కార్డులో ఇంకో ఇంటిపేరు ఉంది? చేతులెత్తండి. చూశారా.

1941 డిసెంబర్ 7, ఆదివారం. పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసింది. ఆ ముందు సంచికల్లో కబుర్లు ఎలా ఉండేవంటే, ఫలానా అమ్మాయి హైస్కూల్లో టీచరుగా చేరింది, ఫలానా వాళ్ళింట్లో తేనీటి విందు, ఫలానా ఆవిడకు రెండో అబ్బాయి. ఆ తర్వాత సంచిక నుంచి భాషే మారిపోయింది. లెఫ్టినెంట్, ఎన్‌సైన్, కెప్టెన్ అనే మాటలు మొదట పెళ్ళికొడుకుల పేర్ల ముందు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి అమ్మాయిల పేర్ల ముందే రావడం మొదలైంది. 1942 మే 15న సైన్యంలో మహిళా సహాయక దళానికి చట్టం వచ్చింది. జూలై 30న నౌకాదళంలో వేవ్స్ అనే మహిళా దళం. నవంబరులో తీరరక్షక దళంలో స్పార్స్, ఆ వెంటనే మెరీన్లలోనూ ఆడవాళ్ళ దళం. యుద్ధం ముగిసేలోపు దాదాపు 3,50,000 మంది ఆడవాళ్ళు యూనిఫాం వేసుకున్నారు. అధికారి హోదాకు చదువు కావాలి కాబట్టి కాలేజీ అమ్మాయిల్నే ముందు పిలిచారు. వేవ్స్ అధికారుల శిక్షణ కూడా స్మిత్ కాలేజీ ఆవరణలోనే పెట్టారు.

చిరునామాలు కూడా మారిపోయాయి. ఊరి పేరు ఉండదు, సైనిక తపాలా నంబరు ఒకటి ఉంటుంది. తను ఇంగ్లండులో ఉందో ఆస్ట్రేలియాలో ఉందో అచ్చులో చెప్పకూడదు. "సముద్రాల అవతల రెడ్‌క్రాస్‌లో ఉంది", ఇదే కబురు. రెడ్‌క్రాస్ వాళ్ళు బస్సుల్నీ లారీల్నీ వంటశాలలుగా మార్చి, యుద్ధరంగం దగ్గరి సైనికులకు కాఫీ, డోనట్లు పంచేవాళ్ళు. ఆ పనికి ఇరవై అయిదేళ్ళు నిండిన, కాలేజీ చదువు చదివిన అమ్మాయిల్నే తీసుకున్నారు. వాళ్ళలో కొందరు మన కలకత్తాకు, అస్సాంకు కూడా వచ్చారు, బర్మా సరిహద్దులో రోడ్డు వేస్తున్న సైనికుల కోసం.

ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళ కబుర్లు వేరు. "భర్త పసిఫిక్‌లో, తను బిడ్డతో అమ్మానాన్నల దగ్గర." ఈ వాక్యం ఎన్నిసార్లు చదివానో. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, వాక్యం అదే. పెళ్ళయితే టీచరు ఉద్యోగం మానెయ్యాలన్న నియమం అప్పట్లో ఎన్నో చోట్ల ఉండేది. మగవాళ్ళు యుద్ధానికి పోయేసరికి అదే బడులు పెళ్ళయిన ఆడవాళ్ళను రమ్మని పిలిచాయి. పెట్రోలు రేషన్, టైర్ల రేషన్. సమావేశాలకు కారులో వెళ్ళడం కుదరక, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న అయిదారుగురే కలిసి బ్యాండేజీలు చుట్టేవాళ్ళు. 1945 ఫిబ్రవరి నుంచి రైళ్ళ మీద ఒత్తిడి తగ్గించడానికి, యాభై మందికి మించిన సమావేశాలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. ఇక మిగిలింది పత్రిక ఒక్కటే. అది కూడా పలచబడింది. కాగితం కూడా రేషనే మరి.

ఈ కబుర్లలో నన్ను ఎక్కువగా వెంటాడింది ఒక వాక్యం. "వాషింగ్టన్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తోంది." చప్పగా ఉంది కదా? నేనూ దాన్ని దాటుకుంటూ పోయేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది దాని వెనక ఏముండే అవకాశం ఉందో.

1941 చివర్లో నౌకాదళం కొన్ని మహిళా కాలేజీల్లో లెక్కలు, భాషలు బాగా వచ్చిన చివరి సంవత్సరం అమ్మాయిల్ని ప్రొఫెసర్ల ద్వారా గుట్టుగా పిలిపించింది. వాళ్ళను రెండు ప్రశ్నలు అడిగారు. నీకు క్రాస్‌వర్డ్ పజిల్స్ ఇష్టమా? నీకు పెళ్ళి కుదిరిందా? మొదటిదానికి అవునని, రెండోదానికి లేదని చెప్పినవాళ్ళకు సంకేతలిపి విప్పే రహస్య పాఠాలు మొదలయ్యాయి. సైన్యం దక్షిణాది కాలేజీల నుంచి, టీచర్ ట్రైనింగ్ కాలేజీల నుంచి అమ్మాయిల్ని తెచ్చుకుంది. విచిత్రం చూడండి, వాషింగ్టన్ పక్కన సైన్యం తీసుకున్న ఆర్లింగ్టన్ హాల్ అంతకుముందు ఆడపిల్లల కాలేజీ. నౌకాదళం తీసుకున్న మౌంట్ వెర్నన్ సెమినరీ కూడా ఆడపిల్లల బడే. తరగతి గదుల్లో బల్లలు వేసుకుని, మూడు షిఫ్టుల్లో శత్రువు సందేశాలు విప్పారు. మొత్తం పదివేల మందికి పైగా ఆడవాళ్ళు. అంతకుముందే, 1940 సెప్టెంబరులో, జపాన్ దౌత్య సందేశాల యంత్రం గుట్టును పట్టిచ్చిన ఆధారం కనిపెట్టింది జెనవీవ్ గ్రోట్యాన్. బఫెలోలో లెక్కలు చదువుకున్న అమ్మాయి, అప్పటికి ఇరవై ఏడేళ్ళు.

ఎవరైనా ఏం పని అని అడిగితే, పెన్సిళ్ళు చెక్కుతాం, చెత్తబుట్టలు ఖాళీ చేస్తాం అని చెప్పమన్నారు. అలాగే చెప్పారు. అమ్మకు చెప్పలేదు, తర్వాత భర్తకూ చెప్పలేదు. కొందరు ముసలివాళ్ళయ్యాక కూడా, మనవలు అడిగినా నోరు విప్పలేదు. కాలేజీ సంఘం పత్రికకు మాత్రం ఏదో ఒక కబురు పంపాలి కదా, లేకపోతే స్నేహితురాళ్ళు కంగారు పడతారు. అందుకని ఆ ఒక్క వాక్యం. అది తెలిశాక, "ప్రభుత్వోద్యోగం" అన్న మాట ఎక్కడ కనపడినా నేను కాసేపు ఆగేదాన్ని. ఆ అమ్మాయి నిజంగా టైపిస్టే కావచ్చు. కాకపోవచ్చు కూడా.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. నేను చెప్పిన ఈ అక్కచెల్లెళ్ళ వరసలో అందరికీ చోటు లేదు. ఆ పెద్ద సంఘాలు నల్లజాతి అమ్మాయిల్ని చేర్చుకోలేదు. చాలాచోట్ల యూదు అమ్మాయిల్ని, ఆసియా అమ్మాయిల్ని కూడా చేర్చుకోలేదు. అందుకని వాళ్ళు తమ సంఘాలు తాము కట్టుకున్నారు. వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో ఆల్ఫా కాపా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా తీటా. ఈ డెల్టా పిల్లలు సంఘం పెట్టిన రెండు నెలల్లోపే మహిళల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు.

ఆల్ఫా కాపా ఆల్ఫా సభ్యులు చదువయ్యాక ఏం చేశారో చెప్పే కథ ఒకటుంది. 1935 నుంచి ప్రతి వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలో పత్తిచేల కూలీలకు ఉచిత వైద్యం చేశారు. ముందుండి నడిపినావిడ డాక్టర్ డొరొతీ ఫెరబీ. ఒకచోట క్లినిక్ పెడదామనుకున్నారు. తోటల యజమానులు కూలీల్ని బయటికి పంపనన్నారు. సరే, మీరు రాలేకపోతే మేమే వస్తామని, డాక్టర్లు, నర్సులు, టీచర్లు తమ సొంత కార్లలో మందులు, టీకాలు వేసుకుని చేల మధ్యకే వెళ్ళారు. తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళు పక్కనే నిలబడి వింటుండగా, పిల్లలకు డిఫ్తీరియా, మశూచి టీకాలు వేశారు. అది వాళ్ళ సెలవుల్లో, వాళ్ళ డబ్బుతో. 1942లో ఆ పని ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. పెట్రోలు, టైర్లు రేషన్ అయ్యాయి, కార్లు కదల్లేదు. యుద్ధం గురించి ఇన్ని పుస్తకాలున్నాయి గానీ, టైరు దొరక్క టీకా అందని పిల్లవాడి గురించి ఎక్కడ రాశారు?

కాలిఫోర్నియా సంగతి ఇంకా బాధ. లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీలో 1928లో జపాన్ సంతతి అమ్మాయిలు కై ఆల్ఫా డెల్టా అని సంఘం పెట్టుకున్నారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు, అమెరికా పౌరులు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్ళందర్నీ, సుమారు 1,20,000 మందిని, ముళ్ళకంచెల శిబిరాలకు తోలారు. చేత్తో మోయగలిగినంత సామానే తెచ్చుకోవాలి. లాస్ ఏంజెలిస్ వాళ్ళలో వేలమందిని ముందు శాంటా అనీటా రేసుకోర్సులో ఉంచారు. నిన్నటిదాకా గుర్రాలు కట్టిన కొట్టాల్లో మనుషుల్ని పెట్టారు. పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల ఆ వాసనలో కూర్చుని ఏం చదువుతుంది? సంఘమే మూతపడింది. వాళ్ళ రెండు లైన్లు అచ్చయ్యే చోటే లేకుండా పోయింది. మంచి మనసున్న కొందరు ఒక మండలి పెట్టి, సుమారు 4,000 మంది విద్యార్థుల్ని శిబిరాల నుంచి తూర్పు, మధ్య రాష్ట్రాల కాలేజీలకు పంపగలిగారు. యుద్ధం అయ్యాక ఆ అమ్మాయిలు తిరిగొచ్చి కై ఆల్ఫా డెల్టాను మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఛారిటీ ఆడమ్స్ గురించి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ముఖ్యంగా ఈవిడ గురించి చెప్పాలనే.

దక్షిణ కరోలినాలోని కొలంబియా ఊళ్ళో పెరిగింది. విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో 1938లో డిగ్రీ పూర్తిచేసింది. సొంతూరు వచ్చి లెక్కల టీచరు. డెల్టా సిగ్మా తీటా సభ్యురాలు. 1942లో ఆమె చదివిన కాలేజీ డీన్ మేడమ్ ఆమె పేరు సైన్యానికి సిఫారసు చేశారు. చూడండి, కాలేజీ వదిలి నాలుగేళ్ళయినా ఒక మేడమ్‌కు ఒక విద్యార్థిని గుర్తుంది. అయోవా రాష్ట్రంలో ఫోర్ట్ డిమోయిన్‌కు మొదటి బ్యాచ్‌లో వెళ్ళింది. 440 మందిలో నల్లజాతి అమ్మాయిలు దాదాపు నలభై మంది. దారంతా తెల్ల అమ్మాయిలతో కలిసి నవ్వుకుంటూ వెళ్ళినవాళ్ళను, శిబిరంలో అడుగుపెట్టగానే రంగుపిల్లలు ఇటు రండి అని విడదీశారు. పేర్లు ఉన్నవాళ్ళను రంగుతో పిలిచారు. ఆమె అక్కడే అధికారి అయింది, మేజర్ అయింది.

1945 ఫిబ్రవరిలో ఆమె నాయకత్వంలో 6888వ తపాలా బెటాలియన్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చేరింది. దాదాపు అందరూ నల్లజాతి మహిళలే, 855 మంది. వాళ్ళ పని, యూరప్‌లో ఉన్న అమెరికా సైనికులకు చేరకుండా పేరుకుపోయిన ఉత్తరాలు పంచడం.

ఆ గోడౌన్ల గురించి నేను చదివింది మీకు చెబుతాను. బాంబుదాడుల భయంతో అద్దాలకు నల్లరంగు పూశారు, పగలూ రాత్రీ ఒకటే. వెచ్చదనం లేదు. కోట్లు వేసుకుని, లోపల పొడవాటి ఉన్ని బట్టలు తొడుక్కుని పనిచేశారు. కప్పుదాకా సంచుల గుట్టలు. క్రిస్మస్ కని పంపిన కేకులు కుళ్ళి, ఎలుకలు పొట్లాలు కొరికేశాయి. కవర్ల మీద చిరునామాలు ఎలా ఉండేవంటే, "జూనియర్, అమెరికా సైన్యం". ఎవరో తల్లి, మా బాబంటే అక్కడ తెలియనివాడెవడు అనుకుని రాసింది పాపం. రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే 7,500 మంది ఉన్నారు. ఈ అమ్మాయిలు ఒక్కో సైనికుడికి ఒక కార్డు రాసుకున్నారు. పేరు, సైనిక నంబరు, ఇప్పుడు ఏ దళంలో ఉన్నాడు. అలా 70 లక్షల కార్డులు. కంప్యూటర్ లేదు, చేతిరాతే. సైనికుడు దళం మారితే కార్డు మార్చాలి. చనిపోతే కార్డు మీద రాసి, అతనికి వచ్చిన ఉత్తరాన్ని వెనక్కి, పంపినవాళ్ళకే పంపాలి. ఇరవయ్యేళ్ళ పిల్ల కూడా ఆ పని చేసింది. ఎనిమిది గంటల షిఫ్టు, రోజుకు మూడు షిఫ్టులు, షిఫ్టుకు 65,000 ఉత్తరాలు. ఆరు నెలల్లో పూర్తిచెయ్యమన్నారు. మూడు నెలల్లో పూర్తిచేశారు.

ఒక జనరల్ తనిఖీకి వచ్చి, అందరూ వరసలో లేరేమని కోప్పడి, ఎలా నడపాలో నేర్పడానికి ఒక తెల్ల లెఫ్టినెంటును పంపుతానన్నాడు. మేజర్ ఆడమ్స్, నా శవం మీదుగా పంపండి సార్ అంది. రాత్రి షిఫ్టు పిల్లలు నిద్రపోతున్నారు, వాళ్ళను లేపి నిలబెట్టదు. లండన్‌లో రెడ్‌క్రాస్ వాళ్ళు నల్ల అమ్మాయిలకని వేరే హోటల్ పెడితే, ఎవరూ అందులో దిగొద్దంది. ఒక్కరు కూడా దిగలేదు.

తర్వాత ఫ్రాన్స్‌లో రువాఁ నగరానికి వెళ్ళారు. అక్కడ 1945 జూలైలో జీపు ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. మేరీ బార్లో, మేరీ బ్యాంక్‌స్టన్, డొలొరెస్ బ్రౌన్. వాళ్ళ అంత్యక్రియలకు తోటి అమ్మాయిలే తలా కొంత వేసుకున్నారు. బెటాలియన్‌లో శవసంస్కారాల పని తెలిసిన అమ్మాయిలుంటే, వాళ్ళే ఆ ముగ్గుర్నీ సిద్ధం చేశారు. నార్మండీలో సముద్రం ఒడ్డున అమెరికా సైనికుల శ్మశానం ఉంది, తొమ్మిది వేలకు పైగా సమాధులు. వాటిలో ఆడవాళ్ళవి నాలుగే. ఆ నాలుగింట్లో మూడు వీళ్ళవి.

యుద్ధం అయ్యాక వాళ్ళు ఇంటికొస్తే ఊరేగింపులు లేవు. ఛారిటీ ఆడమ్స్ లెఫ్టినెంట్ కల్నల్‌గా బయటికొచ్చి, ఒహాయో స్టేట్‌లో మాస్టర్స్ పూర్తిచేసింది. పెళ్ళి చేసుకుంది, డేటన్ ఊళ్ళో ఉంటూ ఊరి పనుల్లో తలమునకలైంది. 2002లో పోయింది. ఆ బెటాలియన్‌కు అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చే చట్టం మీద సంతకం పడింది 2022 మార్చిలో. డెబ్బై ఏడేళ్ళ తర్వాత.

విమానాలు నడిపిన అమ్మాయిలదీ అదే కథ. వాస్ప్ అనే దళంలో 1,074 మంది శిక్షణ పూర్తిచేశారు, 38 మంది చనిపోయారు. కానీ కాగితాల మీద వాళ్ళు సైనికులు కారు. శవపేటిక ఇంటికి పంపడానికి స్నేహితురాళ్ళు చందాలేసుకున్నారు. మాజీ సైనికులుగా గుర్తింపు 1977లో గానీ రాలేదు.

ఇదంతా వేరే దేశం సంగతి, మనకెందుకని ఎవరైనా అనుకుంటే, ఒక చిన్న మాట. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. జనం దొరికిన బండెక్కి ఊరు వదిలారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోయింది. అక్కడ ఛారిటీ ఆడమ్స్ సైన్యానికి దరఖాస్తు పెట్టిన సంవత్సరమే అది.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు పెద్దక్క, అప్పుడు విశాఖలో ఇంటర్మీడియట్ చదువుతోంది. పద్దెనిమిదేళ్ళు. మా తాతగారు ఆ రాత్రే అందర్నీ బొబ్బిలి వైపు బంధువుల ఊరికి తీసుకెళ్ళిపోయారు. పుస్తకాల పెట్టె విశాఖలోనే ఉండిపోయింది. ఆవిడ మళ్ళీ కాలేజీకి వెళ్ళలేదు. అమెరికా నుంచి వచ్చాక నేను ఆవిడ చదివిన చోటికి వెళ్ళి అడిగాను. పాత రిజిస్టరు చూపించారు, పాపం బాగానే వెతికారు. ఆవిడ పేరు ఉంది, చేరిన తేదీ ఉంది. ఆ తర్వాతి గడి ఖాళీ.

ఇరవై రెండేళ్ళు నేను ఎవరెవరి రెండు లైన్లో జాగ్రత్తగా దాచాను. మా పెద్దమ్మకు ఆ రెండు లైన్లు కూడా లేవు.

అందుకే మన సంఘం పెట్టిన కొత్త రిజిస్టరులో, మన కాలేజీ విద్యార్థిని కాకపోయినా ఆవిడ గురించి రాయనిమ్మని సెక్రటరీ గారిని అడిగాను. ఒప్పుకున్నారు. రిజిస్టరు బయట టేబుల్ మీద ఉంది, పెన్నులు కూడా ఉన్నాయి. మీ అమ్మ, మీ అత్త, మీ నానమ్మ, ఎవరు ఎక్కడ చదువు ఆపినా రాయండి. పుట్టింటి ఇంటిపేరుతో సహా రాయండి, లేకపోతే రేపు వెతికేవాళ్ళకు దొరకరు. భోజనాలు ఒంటిగంటకట, టైముంది.

నేను పొద్దున్నే వచ్చి పేరు రాశాను. దాని కింద రాసింది ఇది. "1942 ఏప్రిల్‌లో బాంబుల వల్ల చదువు ఆగింది. యుద్ధం అయ్యేదాకా బంధువుల ఊళ్ళో సిపాయిల ఇళ్ళకు వచ్చిన ఉత్తరాలన్నీ చదివిపెట్టింది, జవాబులు రాసిపెట్టింది."